కథలో సెల్లులు వేసినందుకు

ఈ మధ్య జగిత్యాలలో ఒక బడివాళ్లు పిల్లలకు కథల పోటీ పెట్టి, బహుమతులు ఇవ్వడానికి నన్ను పిలిచారు. నేను పేరున్న రచయితను కాను. వయసులో ఉన్నంతకాలం కోరుట్లలో బీడీలు చుట్టి, కళ్లు మసకబారాక మానేసిన మనిషిని. నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అప్పటి నుంచి తోచినప్పుడు రాస్తుంటాను. ఆ బడిలో పనిచేసే మేడమ్ మా వాడకట్టు పిల్ల కాబట్టి నన్ను పిలిచింది.

బల్ల మీద పిల్లల కథలు రెండు కుప్పలుగా ఉన్నాయి. ఒక కుప్ప మీద ‘ఫాంటసీ’ అని, ఇంకో కుప్ప మీద ‘సైన్స్ ఫిక్షన్’ అని చీటీలు పెట్టారు. ఎగిరే గుర్రం మొదటి కుప్పలో ఉంది. ఎగిరే కారు రెండో కుప్పలో ఉంది. ఒక అమ్మాయి మాత్రం ఎగిరే మంచం గురించి రాసి, దాని కోళ్లకు చిన్న మోటార్లు బిగించింది. ఆ కాగితాన్ని ఏ కుప్పలో వేయాలో తెలియక మేడమ్ చేతిలోనే పట్టుకుని నిలబడింది.

“ఇదేంట్ల ఎయ్యాలె అమ్మా? మీరే చెప్పుండ్రి,” అంది.

నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడ అంత సమయం లేదు. ఆ రెండు కుప్పల మధ్య గీత ఎక్కడ ఉంటుందో నేను ఒక పోలీసు ఠాణాలో నేర్చుకున్నాను. కథలు రాయాలనుకునే పిల్లలు చదువుతారని ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

నేను పుట్టింది సిరిసిల్లలో, నేతపని ఇంట్లో. నాన్న గుంట మగ్గం మీద నేస్తుంటే పక్కన కూర్చుని మేము ఆడవాళ్లం కండెలకు నూలు చుట్టేవాళ్లం. చేతి మగ్గం చప్పుడు ఆగి ఆగి వస్తుంది. ఆ సందుల్లో మాట వినబడుతుంది. మా నానమ్మ కథలన్నీ ఆ సందుల్లోంచే నాకు చేరాయి. తర్వాత మా వాడలోకి సాంచాలు వచ్చాయి, అంటే కరెంటు మగ్గాలు. ఆ మోతలో పక్క మనిషి అరిచినా వినబడదు. నానమ్మ కొన్నాళ్లు గొంతు పెంచి చెప్పింది, ఆపైన మానేసింది. యంత్రం వస్తే కథ పోతుందని అప్పుడు అనుకున్నాను. అది తప్పని కోరుట్లకు వచ్చాకే తెలిసింది.

పెళ్లయి కోరుట్లకు వచ్చిన కొత్తలోనే బీడీల చాట నా ఒళ్లోకి వచ్చింది. మా గల్లీలో ఒక ఇంటికి పెద్ద అరుగు ఉండేది. ఆ ఇంటావిడను అందరం పెద్దమ్మ అనేవాళ్లం. భర్త పోయాక బీడీలు చుట్టి కొడుకును పెంచింది. పొద్దున వంట కాగానే మేమంతా చాటలు పట్టుకుని ఆ అరుగు మీద చేరేవాళ్లం. తడిపిన తునికాకును కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతులకు, కళ్లకు పని ఉంటుంది కానీ చెవులు ఖాళీగానే ఉంటాయి. అందుకని నన్ను కథ చెప్పమనేవాళ్లు.

కథ చెప్పే మనిషి వేళ్లు నెమ్మదిస్తాయి. సాయంత్రం కార్ఖానాకు అప్పజెప్పేటప్పుడు నా కట్టలు తక్కువ పడేవి. అందుకని వినేవాళ్లు తలా కొన్ని బీడీలు తమ చాటలోంచి తీసి నా చాటలో వేసేవారు. వాటికి ‘కథ బీడీలు’ అని పేరు. కథ బాగుంటే నా చాట తొందరగా నిండుతుంది. బాగా లేకపోతే అందరికంటే ముందు పెద్దమ్మ చెయ్యి ఆగిపోయేది.

“ఇయ్యాల నీ కథకు ఆకు నానలే బిడ్డా,” అనేది. నానని ఆకు చుట్టబోతే చిరుగుతుంది. అంతకంటే పెద్ద విమర్శ నాకు ఇప్పటిదాకా ఎవరూ చేయలేదు.

నేను చెప్పే కథల్లో అందరికీ ఇష్టమైనది ఒకటుండేది. ఒక రాజు కూతురి మొగుణ్ని రాక్షసుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోతాడు. ఆమె ఎగిరే మంచం ఎక్కి వెతకడానికి పోతుంది. దారిలో దూరం చూపే అద్దం, మాట మోసుకొచ్చే చిలుక దొరుకుతాయి. నెలల తరబడి సాగదీసినా ఎవరికీ విసుగు వచ్చేది కాదు.

అప్పుడే మా వైపు మగవాళ్లు దుబాయికి, మస్కట్‌కు పోవడం మొదలైంది. మొదట పోయినవాళ్లు సెలవు మీద తిరిగి వచ్చారు. వాళ్లు వచ్చాక నా కథ కష్టాల్లో పడింది.

ఒకరోజు మంచాన్ని మబ్బుల్లోకి లేపాను. మా అరుగు మీద ఒక కొత్త కోడలు ఉండేది. పెళ్లయిన నెలకే ఆమె భర్త మస్కట్ పోయాడు. ఆ పిల్ల చెయ్యి ఆపి అడిగింది.

“గంత పైకి పోతె సలి పెట్టదా అక్కా?”

“మంత్రం మంచమే, పెట్టది.”

“మా ఆయనకు ఇమానంల సలి పెట్టిందట. దుప్పటి గూడ ఇచ్చిన్రట.”

ఇంకొకామె అందుకుంది. “ఏడు సముద్రాలు ఏంది? ఒక్కటేనట. బొంబాయి దాటినంక పడుకోని లేస్తె అయిపోతదట.”

“మరి రాక్షసుడో?” అన్నాను, అది ఒక్కటైనా మిగులుతుందేమోనని.

“ఉన్నడు. మా ఆయన పాస్‌పోర్టు గుంజుకున్న సేటే రాక్షసుడు,” అంది ఆమె. అందరూ నవ్వారు. నవ్వారు కానీ ఆ సాయంత్రం నా చాట సగమే నిండింది.

ఎవరూ పోనంత కాలం ఏడు సముద్రాలు నావి. పోయి వచ్చినవాడు ఒక్కడు చాలు, అవి నా చేతుల్లోంచి జారిపోవడానికి. ప్రయాణం చేసిన మనిషి కథను ముందుకు తోస్తాడు. అతను చూసిన చోటు దాటి అవతలికి పోతే తప్ప కథకు నిలబడే స్థలం దొరకదు. ఆ మాట అప్పుడు నాకు ఇలా చెప్పడం తెలియదు. చాట నిండడం లేదని మాత్రం తెలిసింది.

నాకు దారి చూపింది ఆ కొత్త కోడలే. ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఉత్తరాలకంటే ఎక్కువగా క్యాసెట్లు వచ్చేవి. మాటలు టేపులో నింపి, వచ్చేవాళ్లతో పంపేవారు. ఆ పిల్ల భర్త పంపిన క్యాసెట్‌ను అత్తగారు వాకిట్లో పెట్టి, ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి వినిపించింది. తల్లికి, తండ్రికి, అన్నకు, బర్రెకు కూడా మాటలున్నాయి. చివర “నువ్వు మంచిగున్నవా” అని ఒక్క మాట వచ్చి, తర్వాత టేపు గరగరలాడింది. ఆ ఒక్క మాట ఆ పిల్లకేనని అందరికీ తెలుసు. ఆమె తల కొంగులో దాచుకుని వింది.

మరునాడు నా కథలో చిలుక మాట్లాడబోతుంటే ఆపింది.

“అక్కా, చిలుక మొగని మాట మోసుకచ్చినప్పుడు అత్త పక్కకుంటె ఎట్ల? చిలుక గట్టిగనే చెప్తది గదా?”

నేను ఆలోచించలేదు ఆ సంగతి. నానమ్మ కూడా ఆలోచించి ఉండదు. జవాబు అరుగు మూల నుంచి వచ్చింది. పెద్దమ్మ కొడుకు దుబాయి నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. అక్కడ రేడియోలు, టేపులు బాగుచేసే పని. ఇక్కడా ఊరికే ఉండలేక అరుగు మూలలో గల్లీవాళ్ల రేడియోలు విప్పి కూర్చునేవాడు. నేను అతన్ని తమ్మీ అనేదాన్ని.

“చిలుకను తీసేయ్ అక్కా. డబ్బ పెట్టు. చెవు కాడ పెట్టుకుంటె ఒక్కలకే ఇనబడుతది,” అన్నాడు తలెత్తకుండా.

“తీగ లేకుండనా?”

“పోలీసోళ్ల దగ్గర లేవా? తీగ ఉన్నదా వాటికి? రెండు సెల్లులు, ఒక కడ్డీ, అంతే. గని గవి ఊరు దాటయి. నీ కథల దాటిపియ్యి.”

అతను సెల్లులన్నది టార్చిలైటులో వేసే లావు సెల్లులను. ఇప్పుడు ఆ మాట అంటే మీకు వేరేది గుర్తొస్తుంది. మేము రాబోయేదాన్ని ముందే చూశామని నేను చెప్పుకోవడం లేదు. ఆ పిల్లకు అత్త వినకుండా మొగుడితో మాట్లాడాలని ఉంది, అంతే.

చిలుకను తీసేశాను. ఇటుకంత డబ్బా, లోపల రెండు సెల్లులు, పైన బయటికి లాగే మూరెడు కడ్డీ. రాజు కూతురును కూడా తీసేసి బీడీలు చుట్టే ఆడమనిషిని పెట్టాను. ఆమె మధ్యాహ్నం పూట ఊరి బయట పెద్ద బండగుండు ఎక్కి, కడ్డీ లాగి, డబ్బా చెవికి ఆనించి దుబాయిలో ఉన్న భర్తతో మాట్లాడుతుంది.

ఆ రోజు అరుగు మీద జరిగింది నేను మరిచిపోను. మంచం ఎగిరినన్నాళ్లు ఎవరూ అది ఎలా ఎగురుతుందని అడగలేదు. డబ్బా పెట్టిన రోజు ప్రశ్నలే ప్రశ్నలు. సెల్లులు ఎన్నాళ్లు వస్తాయి? వానలో తడిస్తే? మొగుడు డ్యూటీలో ఉంటే గుండు మీద కూర్చుని ఎదురుచూడాలా? పోట్లాడుకుంటే మధ్యలో బంద్ చేయొచ్చా? కొన్నింటికి నేను చెప్పాను, కొన్నింటికి తమ్మి మూల నుంచి చెప్పాడు. నా చాట పొంగిపోయింది. మంత్రమంటే తలూపి నమ్ముతారు. యంత్రమంటే దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారని అడుగుతారు. అప్పటికే అది వాళ్లది అయిపోయినట్టు.

పిల్లలూ, ఇప్పుడు ఆ రోజుల సంగతి చెప్పాలి. ఊళ్లలో నక్సలైట్ల దళాలు తిరుగుతున్న కాలం. ముఖం తెలియని మనిషికి మంచినీళ్లిచ్చినా ఆనక ఎవరో ఒకరికి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. జీపు చప్పుడైతే మాటలు ఆగిపోయేవి. పట్టుకుపోయిన మనిషి ఇంటికి వచ్చేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు. కొందరు రాలేదు.

కొత్త కోడలు చెల్లెలి పెళ్లికని గొల్లపల్లి దగ్గర పుట్టింటికి పోయింది. అక్కడా చాట ముందేసుకుంది, అక్కడా కథ చెప్పింది. తనకు నచ్చినట్టు చెప్పింది. “మా కోరుట్లల ఒకామె ఉన్నది” అని మొదలుపెట్టిందట. పక్కనే తమ్మి సంగతి కూడా చెప్పింది, దుబాయి నుంచి వచ్చి రేడియోలు బాగుచేస్తాడని. విన్నవాళ్లు వేరే ఊరికి పోయి వేరే చాటల దగ్గర చెప్పారు. ఎగిరే మంచం కథ ఎంత దూరం పోయినా కథగానే ఉంటుంది, దాని ఒంటి మీదే రాసి ఉంటుంది. సెల్లులు వేసిన కథ అలా కాదు. వెల్గటూర్ చేరేసరికి అది కబురైపోయింది. కోరుట్లలో ఒకడు దుబాయి నుంచి తీగ లేని డబ్బాలు తెచ్చాడట. గుండ్ల మీద నిలబడి ఎవరెవరో ఎక్కడికో మాట్లాడుతున్నారట.

ఎవరికి మాట్లాడుతున్నారని పోలీసులు అనుకుని ఉంటారో నేను చెప్పనక్కర్లేదు.

ఒక పొద్దున మేము ఆకు కత్తిరిస్తుండగా జీపు వచ్చి అరుగు ముందే ఆగింది. తమ్మిని లేపారు. మూలనున్న రేడియోలు, టేపు, తీగలు, వాటిని అతికే మాటు కడ్డీ, అన్నీ ఒక సంచిలో వేశారు. ఇంట్లోకి పోయి అతని పాస్‌పోర్టు తీసుకున్నారు. అతను తిరిగి దుబాయి విమానం ఎక్కాల్సిన రోజు దగ్గర పడింది. “ఏం జేసిండు సారూ?” అని పెద్దమ్మ అడిగితే “ఆ డబ్బాలు ఎక్కడ పెట్టాడో అడుగు” అన్నారు.

జీపు పోయాక కొత్త కోడలు అరుగు మీద కూలబడి ఏడవడం మొదలుపెట్టింది. ఆమె ఏడుపులోంచే మాకు సంగతంతా అర్థమైంది. తన పుట్టింటి నుంచి కథ ఎలా పోయిందో అప్పుడు చెప్పింది.

పెద్దమ్మ ఏడవలేదు. కొంగు నడుముకు చుట్టింది.

“ఏడ్సుడు బంద్ జెయ్యే. చాటలు పట్టుండ్రి అందరు.”

“ఏడికి పెద్దమ్మా?”

“ఠాణకు. నా కొడుకును ఇచ్చేదాక గాడనే కూసుందాం. మాలు పొద్దుమీకి ఇయ్యాలె గదా, గాడనే చుడుదాం.”

చాటలు వదిలి పోవడం మాకు కుదరదు. పొద్దున ఇచ్చిన ఆకుకు సాయంత్రం బీడీలు చూపించకపోతే మరునాడు ఆకు ఉండదు. అందుకని నెత్తిన చాటలతో నడిచాం. కోరుట్ల వీధుల్లో జనం తలుపులు ఓరగా తీసి చూశారు. ఎవరూ మాతో రాలేదు. రావాలని మేమూ ఎవరినీ అడగలేదు. ఠాణా ఆవరణలో కానుగ చెట్టు కింద వరసగా కూర్చుని ఆకు తీశాం.

ఒక జవాను పరుగున వచ్చాడు. “ఇది ఠాణనా, బీడీల కార్ఖానానా? లేవుండ్రి!”

“మా పిలగాన్ని ఇయ్యుండ్రి, ఠాణ అయితది,” అంది పెద్దమ్మ, తంబాకు పోసుకుంటూ.

చాలాసేపటికి ఎస్సై పిలిపించాడు. పడుచు మనిషి. మా జిల్లా వాడు కాదు. నిద్ర లేని కళ్లు. పెద్దమ్మ, నేను, కొత్త కోడలు లోపలికి పోయాం. పక్కన వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు, అతను మా వైపు మనిషే. తమ్మి ఎక్కడా కనబడలేదు.

“ఆ డబ్బా గురించి మొదట చెప్పింది ఎవరు?” అన్నాడు ఎస్సై.

“నేనే సారూ. గది కథ.”

“కథలో యాంటెన్నా ఉంటుందా?”

 అతను కాగితం చూస్తూ చదివాడు. “రెండు సెల్లులు. మూరెడు కడ్డీ. ఎత్తు మీద నిలబడాలి. చెవి దగ్గర పెట్టుకోవాలి. వెల్గటూర్‌లో ఇదే మాట, గొల్లపల్లిలో ఇదే మాట. లేనిదైతే ఇంతమందికి ఒకేలా ఎలా తెలుస్తుంది?”

“నేను గట్లనే చెప్పిన గదా సారూ.”

“అయితే చూసే చెప్పావన్నమాట.”

 ఒక్క మాట తప్పితే పెద్దమ్మకు కొడుకు దక్కడు. అప్పుడు నాకు తట్టిన ఉపాయం ఒక్కటే. చిలుకను ఎవరూ అరెస్టు చేయరు. కథను మళ్లీ వెనక్కి, మంత్రంలోకి తోసేస్తే సరిపోతుందనుకున్నాను.

“సెల్లులు గాదు సారూ,” అన్నాను. “ఎవలో తప్పు చెప్పిన్రు. ఒక ముని ఇచ్చిన డబ్బ. మంత్రం సదివితె మాట్లాడుతది.”

నా పక్క నుంచి కొత్త కోడలు గొంతు వినబడింది.

“ముని ఏడున్నడక్కా? రెండు సెల్లులు గదా!”

పెద్దమ్మ ఆ పిల్ల తొడ మీద గిల్లింది. ఆ పిల్ల ఆగలేదు. నెలల తరబడి విన్న కథ, అందులో అక్షరం మారితే అరుగు మీద మేము ఒకళ్లనొకళ్లం ఒప్పుకోం. ఠాణాలో ఉన్నామన్న సంగతి ఆ క్షణాన ఆమె మరిచిపోయింది. “మంత్రమని నువ్వు ఎన్నడు చెప్పలే. సెల్లులు దిగితె ఎండల పెట్టాలని గూడ చెప్పినవు,” అంది.

ఎస్సై ముందుకు వంగాడు. “నువ్వు వాడావా ఆ డబ్బా? మాట్లాడావా దాంతో?”

కొత్త కోడలు అతని ముఖంలోకి చూసింది. పరాయి మగవాడి ముఖంలోకి ఆమె అలా చూడటం నేను అంతకు ముందు చూడలేదు.

“మాట్లాడితె గీడికెందుకస్త సారూ? ఇంట్ల మూలకు కూసోని మా ఆయనతోని మాట్లాడుకుంట ఉందును. పెండ్లయిన నెలకే పోయిండు. టేపుల ఒక్క మాట తప్ప ఆయన గొంతు నాకు యాదికి లేదు. గా డబ్బ మీకు దొరికితె నాకు ఒక్కసారి ఇయ్యుండ్రి. మాట్లాడి మల్ల మీకే ఇస్త. నీ కాళ్లు మొక్కుత సారూ, ఏడున్నదో దేవులాడుండ్రి.”

 ఆ డబ్బా లేదని చెప్పడానికి నేను ఎన్ని మాటలు వెతికినా దొరకలేదు. అది కావాలని ఆ పిల్ల అడిగిన తీరులోనే అది లేదని ఉంది.

హెడ్ కానిస్టేబుల్ గొంతు సవరించుకున్నాడు. “సార్, మా ఇంట్లో కూడా బీడీలు చుడతారు. ఈ కథ మా ఆమె కూడా చెప్పింది.”

“ముందే ఎందుకు చెప్పలేదు?”

ఆయన నేల చూపులు చూశాడు. “నిజమే అనుకున్నా సార్.”

ఎస్సై నవ్వలేదు. నా వైపు తిరిగి, “మంత్రం అని ఎందుకన్నావు?” అన్నాడు.

“మంత్రమంటె ఇడుస్తరని సారూ.”

“మంత్రమే అయితే నేను వచ్చేవాణ్ని కాదు,” అన్నాడు. నిజమే. ఆ గీత సంగతి అతనికి కూడా తెలుసు.

ఇక దాచడానికి ఏమీ లేదు. కథ మొదటి నుంచి చివరి దాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాను, సెల్లులతో సహా. డబ్బా ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాను. వాకిట్లో విన్న క్యాసెట్ సంగతి చెప్పేటప్పుడు కొత్త కోడలు తల కొంగులో దాచుకుంది. అతను విన్నాడు. కథ బాగుందని అనలేదు, బాగా లేదని కూడా అనలేదు. పైవాళ్లను అడగాలి, పొమ్మన్నాడు.

మేము పోలేదు. సాయంత్రం మాలు అప్పజెప్పి ఇంటికి వచ్చాం, మరునాడు చాటలతో మళ్లీ కానుగ చెట్టు కిందికి పోయాం. ఆ మరునాడు కూడా పోయాం. కార్ఖానా టేకేదారు వచ్చి “ఆకు బంద్ చేస్త” అని బెదిరించాడు. “చేసుకో. గప్పుడు చాట గూడ లేకుండ కూసుంటం,” అంది పెద్దమ్మ. అతను మాట మార్చి పోయాడు. ఒకసారి జవాను వచ్చి బీడీ కావాలని అడిగాడు. పెద్దమ్మ ఇచ్చింది. “నా కొడుకు అన్నం తిన్నడా?” అని అడిగి మరీ ఇచ్చింది.

ఆ మూడో రోజు తమ్మిని వదిలారు. చేతులు వాచి ఉన్నాయి.  పెద్దమ్మ ఆ చేతులను తన కొంగుతో కప్పి ఇంటిదాకా నడిపించింది.

వదిలేముందు ఒక కాగితం మీద నా వేలిముద్ర తీసుకున్నారు. ఏం రాశారో చదివి వినిపించమన్నాను. “కథ అనే రాశాం” అన్నారు. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. వేలికి అంటిన సిరా తునికాకు కోసిన చేతికి తొందరగా పోలేదు. అక్షరాలు నేర్చుకోవాలని నేను అప్పుడే అనుకున్నాను. నోటి కథ ఊరు దాటితే దాని పేరు దారిలో ఊడిపోతుంది. కాగితం మీద రాసిన కథ ఎంత దూరం పోయినా ‘ఇది కథ’ అనే మాటను వెంట తీసుకుపోతుంది. వయోజన కేంద్రం మా వాడకు రావడానికి చాలా ఏళ్లు పట్టింది. వచ్చిన రోజు అందరికంటే ముందు పోయి కూర్చున్నాను.

పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసరికి తమ్మి విమానం వెళ్లిపోయింది. వీసా గడువు కూడా దాటింది. సంచిలో తీసుకుపోయిన రేడియోలు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. అతను అరుగు మూలలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు. దేన్నీ విప్పేవాడు కాదు. గల్లీ మలుపులో చాయ్ హోటల్ దగ్గర ఒక మఫ్టీ మనిషి రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. మాకు తెలుసు. మాకు తెలుసని అతనికీ తెలుసు.

కొన్నాళ్లు కథ లేకుండానే చుట్టాం. ఆ నిశ్శబ్దం భరించలేక ఒకరోజు ఒకామె అంది, “ఏదన్న చెప్పక్కా. పాతదే చెప్పు. గా మంచం, చిలుక.”

మంచిదే అనిపించింది. ఎవరికీ ప్రమాదం లేని కథ. రాజు కూతురును మంచం ఎక్కించాను. చిలుకను ఆమె భుజం మీద కూర్చోబెట్టాను. చిలుక నోరు తెరిచింది. ఎవరూ ఏమీ అడగలేదు. చలి పెడుతుందా అని కూడా అడగలేదు. మర్యాదకు వింటున్నారు. నా చాటలో రెండు చేతులు రెండు మూడు బీడీలు వేశాయి, అవి కూడా జాలితో వేసినవే. పెద్దమ్మ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆమె కొడుకు వైపు చూస్తోంది.

గోడ దగ్గర నుంచి గొంతు వచ్చింది. ఇంటికి వచ్చాక అతను అంత పెద్ద మాట మాట్లాడటం అదే మొదలు.

“చిలుక వద్దక్కా. డబ్బనే పెట్టు.”

“వద్దు తమ్మీ. ఇగ చాలు,” అన్నాను.

“రెండు సెల్లులతోని దుబాయి దాక ఎట్ల పోతదో నేను గప్పుడే చెప్పకపోతి. తప్పు నాదే. నడుమల గుట్ట గుట్టకు ఒక డబ్బ ఉండాలె. ఒకటి ఇన్నది ఇంకోదానికి చెప్తది, గది ఇంకోదానికి. గట్ల పోవాలె మాట.” అంటూ వాచిన చెయ్యి లేపి గాలిలో గుట్టలు గీశాడు. ఒకటి, దాని పక్కన ఇంకొకటి.

పెద్దమ్మ ఆకు అందుకుంది. “గుట్టల మీద పెట్టినయి ఎవలన్న ఎత్తుకపోరా? కావలి ఎవలుంటరు?” అంది, కొడుకునే చూస్తూ, కోపం లేకుండా.

“నేనుంట,” అంది కొత్త కోడలు. “మన దిక్కు గుట్ట మీద నేనుంట.”

“వానల గూడనా?” ఎవరో అడిగారు.

“వానల గూడ.”

“మరి నడుమల సముద్రం ఉన్నది గదా, గాడ గుట్ట ఏడుంటది?” ఇంకొకరు. చేతులన్నీ కదులుతున్నాయి. ప్రశ్నలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి. తమ్మి లేచి మూల నుంచి మా దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

చాయ్ హోటల్ దగ్గరి మనిషి మా వైపే తలతిప్పి వింటున్నాడు. నేను ఆకు పక్కన పెట్టి కథ ఎత్తుకున్నాను, సెల్లులు, కడ్డీ, గుట్టలు అన్నిటితో, అతనికి కూడా బాగా వినబడేంత గట్టిగా.